గురువు లేని పాఠం

1902 ఫిబ్రవరి 5న స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగర పత్రికలో ఒక చిన్న ప్రకటన పడింది. గణితం, భౌతికశాస్త్రం ట్యూషన్ చెప్పబడును, నమూనా పాఠాలు ఉచితం అని దాని సారాంశం. ఇచ్చినవాడికి 22 ఏళ్లు. చేతిలో జ్యూరిక్ పాలిటెక్నిక్ పట్టా ఉంది, ఉద్యోగం లేదు. పేటెంట్ ఆఫీసులో ఖాళీ రాబోతోందన్న మాట పట్టుకుని బెర్న్ చేరాడు. ఆ ఖాళీ వచ్చేదాకా రోజులు గడవాలి కదా! పేరు ఆల్బర్ట్ ఐన్‌స్టైన్.

ఆ ఏడాది ఈస్టర్ సెలవుల్లో ఈ ప్రకటన చూసి ఒక కుర్రాడు తలుపు తట్టాడు. రుమేనియా నుంచి వచ్చి బెర్న్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చదువుతున్న మోరిస్ సొలొవీన్. తత్వశాస్త్రం గాలిలో తేలుతున్నట్టుంది, కాస్త భౌతికశాస్త్రం నేర్చుకుంటే కాలు నేలకు ఆనుతుందని అతని ఆశ. ట్యూషన్ మాస్టారేమో తనకూ ఒకప్పుడు తత్వశాస్త్రం మీద మోజుండేదని మొదలుపెట్టాడు. ఇద్దరూ రెండు గంటలు మాట్లాడుకున్నారు. సాగనంపడానికి వీధిలోకి వచ్చి మరో అరగంట మాట్లాడాడు. రెండు మూడు రోజులయ్యేసరికి ఐన్‌స్టైన్ తేల్చేశాడు: మీకు పాఠాలు అక్కర్లేదు, మన మాటలే పాఠాలకన్నా బాగున్నాయి, తోచినప్పుడు వస్తూ ఉండండి.

ఊరికే మాట్లాడుకోవడం ఎన్నాళ్లు? గొప్ప గ్రంథాలేవైనా కలిసి చదువుదామన్నది సొలొవీన్ సలహా. మొదటి పుస్తకం ఇంగ్లండ్ గణితవేత్త కార్ల్ పియర్సన్ రాసిన 'ది గ్రామర్ ఆఫ్ సైన్స్'. కొద్ది వారాల్లో గణితం చదివిన కాన్రాడ్ హబిష్ట్ మూడోవాడుగా చేరాడు. షాఫ్‌హౌజెన్‌లో ఐన్‌స్టైన్‌కి పరిచయమైన మిత్రుడు. ప్రభుత్వాలు పెట్టే పెద్ద పెద్ద అకాడమీలను వెక్కిరిస్తూ ఈ ముగ్గురూ తమ జట్టుకి 'ఒలింపియా అకాడమీ' అని పేరు పెట్టుకున్నారు. ఐన్‌స్టైన్ అధ్యక్షుడు. సభ్యులు మిగిలిన ఇద్దరూ.

ఈ ముగ్గురు ఏం చదివారో చూస్తే ఆ కాలపు శాస్త్రానికి ఎక్కడ నొప్పెట్టిందో తెలుస్తుంది. భౌతికవేత్త ఎర్నెస్ట్ మాక్ రాసిన యంత్రశాస్త్ర చరిత్ర, డేవిడ్ హ్యూమ్ మానవ స్వభావం మీద రాసిన గ్రంథం, జాన్ స్టూవర్ట్ మిల్ తర్కశాస్త్రం, స్పినోజా నీతిశాస్త్రం, జ్యామితి పునాదుల మీద రీమన్ ప్రసంగం, హెన్రీ పాయింకరే రాసిన 'సైన్స్, పరికల్పన'. మధ్యలో మార్పుకోసం సొఫొక్లిస్ నాటకం, సెర్వాంటెజ్ నవల కూడా.

అప్పటికి న్యూటన్ యంత్రశాస్త్రం రెండు వందల ఏళ్లుగా చెక్కుచెదరలేదు. కాని విద్యుత్తు, కాంతి గురించి మాక్స్‌వెల్ చెప్పిన సూత్రాలతో దానికి పొత్తు కుదరడం లేదు. లెక్కలు బాగానే వస్తున్నాయి, వాటి కిందున్న మాటలే అనుమానంగా ఉన్నాయి. 'కాలం' అంటే ఏమిటి? 'ఒకేసారి' అంటే ఏమిటి? 'కారణం' అంటే? ఈ ప్రశ్నలు భౌతికశాస్త్ర శాఖలో అడిగితే అది తత్వశాస్త్రం గదిలో అడుగు అంటారు. అక్కడికెళ్తే రీమన్‌నీ మాక్స్‌వెల్‌నీ చదివినవాళ్లు దొరకరు. రెండు శాఖల మధ్య గోడ మీద కూర్చున్న ప్రశ్నలివి. కనుక వాటి మీద రాసిన పుస్తకం ఎవరికి వారు ఒంటరిగా చదివితే సగమే అర్థమవుతుంది. హ్యూమ్ దగ్గర సొలొవీన్ అక్కరకొస్తాడు, రీమన్ దగ్గర హబిష్ట్, మాక్ దగ్గర ఐన్‌స్టైన్. ఇలాంటి ప్రశ్నలడిగే విజ్ఞానశాస్త్ర తత్వానికి పఠన గోష్ఠి ఇంతగా అతుక్కుపోవడానికి మొదటి కారణం ఇదే. ఆ విషయానికి సొంత ఇల్లు లేని రోజుల్లో అదే దాని ఇల్లు.

చదివే తీరు కూడా గమనించాలి. ఒక పేజీ, లేకుంటే అరపేజీ, ఒక్కోసారి ఒక్క వాక్యం. అక్కడ చర్చ మొదలైతే రోజుల తరబడి సాగేది. ముందురోజు రాత్రి తెగని వాదాన్ని మర్నాడు మధ్యాహ్నం ఐన్‌స్టైన్ ఆఫీసునుంచి బయటికి రాగానే అందుకునేవాడినని సొలొవీన్ తర్వాత రాశాడు. కార్యకారణ సంబంధం మీద హ్యూమ్ చెప్పినదానికి వారాలు పట్టాయి. పాయింకరే పుస్తకం వాళ్లని కొన్ని వారాలు ఊపిరి సలపనివ్వలేదు. మన ఊళ్లలో పురాణ కాలక్షేపానికి కూర్చున్నప్పుడూ పద్యం పద్యానికీ ఆగి అర్థం చెప్పుకోవడం ఉంది. అయితే అక్కడ పౌరాణికుడు ఒకడుంటాడు, ఆయన చెప్పింది వినడం మిగతావారి వంతు. బెర్న్ గదిలో పౌరాణికుడు లేడు. చదివినది నాకు అర్థం కాలేదని ఎవరైనా ఆపవచ్చు. ఆపినవాడికి సమాధానం దొరికేదాకా పుస్తకం ముందుకు కదలదు. ఈ అలవాటులోని కొత్తదనమంతా ఆ ఆపే హక్కులో ఉంది.

భోజనం సాసేజ్, గ్రుయేర్ జున్ను, ఓ పండు, కాస్త తేనె, ఒకటి రెండు కప్పుల టీ. ఒక పుట్టినరోజుకి మిత్రులిద్దరూ డబ్బు కూడబెట్టి ఐన్‌స్టైన్‌కి ఖరీదైన కేవియర్ తెచ్చారు. ఆ పూట చర్చ గెలీలియో జడత్వ సూత్రం మీద. మాట్లాడుతూ మాట్లాడుతూ అధ్యక్షుడు పళ్లెం ఖాళీ చేశాడు. ఇప్పుడు తిన్నదేమిటో తెలుసా అని అడిగాక గాని అది కేవియర్ అని అతనికి తెలియలేదు. మరోసారి తన గదిలో గోష్ఠి ఉన్న రోజున సొలొవీన్ గుడ్లు ఉడికించి, క్షమించమని చీటీ రాసిపెట్టి, సంగీత కచేరీకి జారుకున్నాడు. అతనికి పొగాకు పడదు. మిగిలిన ఇద్దరూ గుడ్లు తిని, పైపు, చుట్టలతో గది నిండా పొగ వదిలి, సామానంతా మంచం మీద గుట్టపోసి పోయారు. గోష్ఠికి ఎగనామం పెట్టడమంటే అంత నేరం వాళ్ల దృష్టిలో.

1902 జూన్‌లో ఐన్‌స్టైన్‌కి పేటెంట్ ఆఫీసు ఉద్యోగం వచ్చింది. 1903 జనవరిలో మిలేవా మారిచ్‌ని పెళ్లాడినప్పుడు సాక్షి సంతకాలు పెట్టింది ఈ ఇద్దరు సభ్యులే. జ్యూరిక్‌లో భౌతికశాస్త్రం చదివిన మిలేవా గోష్ఠిలో కూర్చుని శ్రద్ధగా వినేదనీ, చర్చలో కలగజేసుకునేది కాదనీ సొలొవీన్ రాశాడు. 1904లో హబిష్ట్, మరుసటి ఏడాది సొలొవీన్ ఊరు విడిచారు. అకాడమీ ఆయుర్దాయం మూడేళ్లు. 1905 మేలో ఐన్‌స్టైన్ హబిష్ట్‌కి రాసిన ఉత్తరంలో నాలుగు పరిశోధన పత్రాల ప్రస్తావన ఉంది. వాటిలో నాలుగోది అప్పటికింకా చిత్తుప్రతి. దేశకాలాల భావననే మార్చబోయే సాపేక్షతా సిద్ధాంతం అదే.

ఆ సిద్ధాంతం పఠన గోష్ఠిలో పుట్టిందనడం అతిశయోక్తి. కాని న్యూటన్ చెప్పిన నిరపేక్ష దేశాన్ని మాక్ ప్రశ్నించాడు. దూరంగా ఉన్న రెండు చోట్ల జరిగే ఘటనలు 'ఒకేసారి' జరిగాయని మనకు నేరుగా తెలియదని పాయింకరే తన పుస్తకంలో రాశాడు. ఇలాంటి వాక్యాల దగ్గర రోజుల తరబడి ఆగిన మనిషికే 'ఒకేసారి' అన్న మాటను విప్పి చూడాలన్న ధైర్యం వస్తుంది. 1915 డిసెంబరులో ఐన్‌స్టైన్ ఒక ఉత్తరంలో ఈ సంగతి ఒప్పుకున్నాడు. సాపేక్షతకు కొద్ది ముందు హ్యూమ్‌ని ఆసక్తిగా చదివాననీ, ఆ తత్వాధ్యయనం లేకపోతే పరిష్కారం తట్టి ఉండకపోవచ్చనీ రాశాడు. ఆ ఉత్తరం అందుకున్నవాడు మోరిట్జ్ ష్లిక్. కథలో రెండో అంకం ఈయనదే.

కాఫీ హోటల్లో మొదటి వలయం

అంతకుముందే, 1907లో, వియెన్నాలో మరో ముగ్గురు ఇదే పని మొదలుపెట్టారు. భౌతికవేత్త ఫిలిప్ ఫ్రాంక్, గణితవేత్త హాన్స్ హాన్, ఆర్థికవేత్త ఒట్టో నోయ్‌రాట్. బెర్న్ సంగతి వీళ్లకు తెలియదు, అవసరం మాత్రం అదే. గురువారం రాత్రుళ్లు ఒక పాత కాఫీ హోటల్లో చేరేవారు. అర్ధరాత్రి దాటినా లేచేవారు కాదు.

వియెన్నాలో నేల ముందే దుక్కి దున్ని ఉంది. 1895లో అక్కడి విశ్వవిద్యాలయం మాక్ కోసం ప్రత్యేకంగా ఒక తత్వశాస్త్ర పీఠం పెట్టింది. ఒక ప్రయోగశాల మనిషిని తత్వశాస్త్రాచార్యుడిగా కూర్చోబెట్టడం అప్పట్లో వింతే. ఫ్రాంక్ మిత్రబృందానికి తెగని చిక్కు ఇది: శాస్త్రమంటే అనుభవంలోకి వచ్చినదాన్ని పొదుపుగా వర్ణించడమే అంటాడు మాక్. శాస్త్రంలోని మూలసూత్రాలు మన బుద్ధి ఏర్పరచుకున్న ఒడంబడికలు అంటాడు పాయింకరే. ఇద్దరినీ ఒక తాటి మీదికి తేవడం ఎలా? ఆ వంతెన కోసం వాళ్లు ఫ్రెంచి భౌతికవేత్త పియేర్ దుహెమ్‌ని చదివారు. ఒక ప్రయోగం ఒంటరిగా ఒక పరికల్పనను కొట్టేయలేదు, దాని వెనకున్న సిద్ధాంతాల గుంపంతా కలిసే పరీక్షకు నిలబడుతుంది అన్నాడాయన. ఈ ఆలోచన నోయ్‌రాట్ బుర్రలో పాతుకుపోయింది. దాని పంట తర్వాత వస్తుంది.

ఉద్యోగాలు వాళ్లని చెదరగొట్టాయి. హాన్ దూరంగా చెర్నొవిట్జ్ వెళ్లాడు. 1912లో ఐన్‌స్టైన్ ప్రాగ్‌లో ఆచార్య పదవి వదిలి వెళ్లిపోతే ఆ కుర్చీలోకి ఫ్రాంక్ వెళ్లాడు. తర్వాత ప్రపంచ యుద్ధం. కాఫీ హోటల్ గోష్ఠికి గది లేదు, నియమం లేదు, రాతకోతలు లేవు. ఒకరిద్దరు ఊరు మారితే ఆరిపోయే దీపమది. అందుకే 1921లో వియెన్నా తిరిగొచ్చిన హాన్ ఈసారి గట్టి ఏర్పాటు చేయదలచాడు. మాక్ పీఠానికి ష్లిక్‌ని రప్పించడానికి పట్టుబట్టాడు. 1922లో ష్లిక్ వచ్చాడు. మాక్స్ ప్లాంక్ దగ్గర భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి, సాపేక్షతకు తాత్వికంగా అర్థం చెప్పిన మనిషి. రెండు శాఖల మధ్య గోడకు రెండువైపులా బంధువులున్నవాడు.

గురువారం సాయంత్రం 6 గంటలకు

1924లో ష్లిక్ శిష్యులు ఫ్రీడ్రిష్ వైస్‌మన్, హెర్బర్ట్ ఫైగల్ సాయంత్రం గోష్ఠి ఒకటి పెడదామన్నారు. బోల్ట్స్‌మన్ పేరున్న వీధిలో 5వ నంబరు భవనం. గణితం, భౌతికశాస్త్రం వాళ్లుండే చోటు. కింది అంతస్తులో వెలుతురు అంతంతమాత్రంగా ఉన్న గది, నల్లబల్ల, ముందు అర్ధచంద్రాకారంగా కుర్చీలు, పొగతాగేవాళ్లకు వెనక ఒక బల్ల. గురువారం సాయంత్రం 6 గంటలకు మొదలు. పిలిచినవాళ్లే రావాలి. మొదట ష్లిక్ ఐన్‌స్టైన్ దగ్గరనుంచో రస్సెల్ దగ్గరనుంచో వచ్చిన ఉత్తరాల కబుర్లు చెప్పేవాడు, ఆపైన చర్చ. అది ముగిశాక మిగిలిన వాదం దగ్గర్లోని కాఫీ హోటళ్లలో తేలేది.

బెర్న్‌లో అనుకోకుండా జరిగిపోయినదానికి ఇక్కడ ఒక క్రమం కుదిరింది. రోజు ఖాయం, చోటు ఖాయం, పుస్తకం ఖాయం. సభ్యుల్లో గణితవేత్తలు, భౌతికవేత్తలు, న్యాయశాస్త్రం తెలిసినవాళ్లు, ఒక ఆర్థికవేత్త. హాన్ చెల్లెలు, నోయ్‌రాట్ భార్య అయిన ఓల్గా చూపు కోల్పోయినా తర్కగణితంలో పరిశోధన చేసినావిడ. 1926లో రుడాల్ఫ్ కార్నాప్ వచ్చి చేరాడు. ఇరవయ్యేళ్ల విద్యార్థి కర్ట్ గోడెల్ ఒక మూల కూర్చునేవాడు.

వాళ్లు చేపట్టిన పుస్తకం లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ రాసిన 'ట్రాక్టాటస్'. చిన్న పుస్తకమే, ఒక్కో వాక్యానికీ నంబరు ఉంటుంది. భాషలో అర్థవంతంగా చెప్పగలిగేది ఎంత, చెప్పలేనిది ఎక్కడ మొదలవుతుంది అని గీత గీస్తుంది. గోష్ఠిలో దీన్ని పైకి చదివి, వాక్యం తర్వాత వాక్యం విప్పారు. మొదటి విడత చాలక మరో విడత కూడా చదివారు.

ఈ విధానంలోని బలమూ బలహీనతా రెండూ ఇక్కడే బయటపడ్డాయి. ష్లిక్‌కీ వైస్‌మన్‌కీ ఆ పుస్తకం మీద భక్తి పెరుగుతూ పోయింది. నోయ్‌రాట్‌కి ఒళ్లు మండేది. అనుభవానికి అందని దాని గురించిన మాట ఏది వినబడ్డా 'మెటాఫిజిక్స్!' అని అడ్డుపడేవాడు. మాటిమాటికీ చదువు ఆగిపోతుంటే, అంత పొడుగు మాటెందుకు, 'ఎం' అంటే చాలన్నాడు హాన్. దానికి నోయ్‌రాట్ జవాబు: అంతకన్నా సుళువు మార్గం ఉంది, మీరు మెటాఫిజిక్స్ మాట్లాడని అరుదైన సందర్భంలోనే 'ఎం కాదు' అంటాను.

నవ్వులాటగా చెప్పుకున్నా ఇందులో ఒక పాఠం ఉంది. పుస్తకాన్ని పూజించేవాళ్లే కూర్చుంటే గోష్ఠి కాలక్షేపం అయిపోతుంది. పుస్తకాన్ని కొట్టిపారేసేవాళ్లే ఉంటే మొదటి పేజీ దాటదు. ఒకే గదిలో ఇద్దరూ ఉండాలి, ఇద్దరూ వచ్చే గురువారం మళ్లీ రావాలి. ష్లిక్ మర్యాద, హాన్ చతురత, కార్నాప్ ఓపిక ఆ పని చేయించాయి.

ఇంతకీ పుస్తకం రాసినాయన ఏం చేస్తున్నాడు? పల్లెటూరి బడిపంతులు పని వదిలేసి, వియెన్నాలోనే తన అక్కగారికి ఇల్లు కట్టిస్తున్నాడు. గురువారం గోష్ఠికి ఎన్నడూ రాలేదు. 1927 నుంచి ష్లిక్ ఎంచిన ఒకరిద్దరితో మాత్రం విడిగా కలిసేవాడు. అప్పుడైనా తన పుస్తకం గురించి చెబుతాడనుకుంటే, ఒక్కోసారి వాళ్లకు వీపు తిప్పి రవీంద్రనాథ్ టాగూర్ కవితలు పైకి చదివేవాడు. మాటల్లో చెప్పలేనిదాన్ని కొట్టిపారేయడానికి ఈ పుస్తకాన్ని ఆయుధం చేసుకున్నవాళ్లకు, రచయిత దృష్టిలో ఆ చెప్పలేనిదే ముఖ్యమని అప్పుడు తెలిసొచ్చింది. కార్నాప్ తర్వాత ఈ తేడాను దాచకుండా రాశాడు. రచయిత ఉద్దేశం ఒకటి, గోష్ఠి పట్టుకున్నది మరొకటి. అయినా ఆ పొరపాటు అర్థంలోంచే 'ఒక వాక్యాన్ని ఎలా పరీక్షించాలో చెప్పలేకపోతే దానికి అర్థం ఉన్నట్టేనా?' అన్న ప్రశ్న పుట్టి కొన్ని దశాబ్దాలు తత్వశాస్త్రాన్ని నడిపించింది.

1929లో ష్లిక్ అమెరికా వెళ్లొచ్చేలోగా మిగతావాళ్లు తమ దృక్పథాన్ని ఒక చిన్న పుస్తకంగా అచ్చువేసి ఆయనకు అంకితమిచ్చారు. 'వియెన్నా వలయం' అన్న పేరు లోకానికి తెలిసింది అప్పుడే. ష్లిక్‌కి ఆ పార్టీ ప్రకటన ధోరణి అంత రుచించలేదు. నిజానికి గదిలో ఏకాభిప్రాయం ఎన్నడూ లేదు. అందుకు సాక్ష్యం రోజ్ రాండ్ అనే విద్యార్థిని రాసుకున్న గోష్ఠి నివేదికలు. ఒక్కో ప్రతిపాదనకు ఎదురుగా ఎవరెవరు ఔనన్నారు, ఎవరు కాదన్నారు, ఎవరు అసలు అర్థం లేదన్నారు అని రంగులతో పట్టిక కట్టింది. ఆమె కాగితాలు ఇప్పుడు అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి.

దుహెమ్ నాటిన విత్తనం మొలిచింది కూడా ఈ రోజుల్లోనే. శాస్త్రానికి పునాది కదలని పరిశీలన వాక్యాలు అని ష్లిక్ పట్టుబట్టాడు. ఏ వాక్యమూ కదలనిది కాదు, అవసరమైతే పరిశీలన వాక్యాన్నైనా మార్చుకోవచ్చు అని నోయ్‌రాట్ ఎదురు తిరిగాడు. కాఫీ హోటల్లో 1907 ప్రాంతంలో చదివిన పుస్తకం పాతికేళ్లకు వాదానికి పనికొచ్చింది.

నోరు మెదపని గోడెల్ సంగతి మరీ విచిత్రం. మాటల్లో ఆసక్తి కలిగితే తల కొద్దిగా కదిలించేవాడని తోటి సభ్యుడు కార్ల్ మెంగర్ రాశాడు. ఆ బృందం నమ్మేవాటిలో చాలా వాటిని లోలోపల ఒప్పుకునేవాడు కాడు. 1930 ఆగస్టు 26న ఒక కాఫీ హోటల్లో కార్నాప్‌తో తాను కనిపెట్టిన సంగతి చెప్పాడు: అంకగణితానికి సరిపడే నియమవ్యవస్థ ఏదైనా, పొంతన చెడకుండా ఉంటే, దానిలో తేల్చలేని వాక్యాలుంటాయి. గణిత సత్యమంతా నిరూపణలో ఇమిడిపోతుందన్న ఆశకు అక్కడితో గండిపడింది.

చెదిరిపోవడం, చిగురించడం

1934లో హాన్ చనిపోయాడు. అదే ఏడాది ఆస్ట్రియా రాజకీయాలు నోయ్‌రాట్‌ని హాలెండ్ పాలు చేశాయి. 1936 జూన్ 22 ఉదయం, పాఠం చెప్పడానికి వెళ్తున్న ష్లిక్‌ని విశ్వవిద్యాలయం మెట్ల మీద ఒక పాత విద్యార్థి కాల్చి చంపాడు. ష్లిక్ యూదుడు కాకపోయినా, కొన్ని పత్రికలు ఆయన తత్వాన్ని 'యూదు ధోరణి' అంటూ హంతకుడి పక్షం వహించాయి. 1938లో నాజీలు ఆస్ట్రియాను కలిపేసుకున్నాక అక్కడ మిగిలింది శూన్యం.

మనుషులు వెళ్లిన చోటికల్లా పద్ధతీ వెళ్లింది. కార్నాప్ షికాగోలో, ఫైగల్ మిన్నెసోటాలో, ఫ్రాంక్ హార్వర్డ్‌లో చేరారు. 1953లో ఫైగల్ మిన్నెసోటాలో విజ్ఞానశాస్త్ర తత్వానికి ఒక కేంద్రం పెట్టాడు. చిత్తుప్రతులు ముందుగా పంచుకుని, కలిసి చదివి, చీల్చి చెండాడి ఆ తర్వాతే అచ్చుకి పంపడం అక్కడ రివాజు. గోడ మీద కూర్చున్న ప్రశ్నలకు విశ్వవిద్యాలయాల్లో చివరికి ఒక శాఖ దొరికింది. అయితే శాఖ వచ్చాకా గోష్ఠి పోలేదు. వారానికి ఒక అధ్యాయం, ఒకరు పరిచయం చేయడం, మిగతావారు ఎక్కడైనా ఆపడం అన్న ఏర్పాటు ఈ రంగంలో పరిశోధక విద్యార్థుల మొదటి బడి.

వియెన్నా వలయం తేల్చిన సిద్ధాంతాల్లో యథాతథంగా నిలిచింది స్వల్పం. వాటిని పడగొట్టినవాళ్లెవరు? గోడెల్ ఆ గదిలోవాడు. 1932-33లో అతిథిగా వచ్చి కూర్చున్న అమెరికన్ కుర్రాడు విల్లర్డ్ క్వైన్ 1951లో ఒక వ్యాసంతో ఆ సిద్ధాంతాల రెండు స్తంభాలను కదిలించాడు, అదీ దుహెమ్ ఆసరాతో. వలయం గ్రంథమాలలోనే 1934లో పుస్తకం అచ్చయిన కార్ల్ పాపర్‌ని గురువారాలకు ఎన్నడూ పిలవలేదు. పిలవకపోవడం వలయానికే నష్టమయింది. శాస్త్రం తార్కికంగా ఒక్కో మెట్టూ ఎక్కదు, విప్లవాలతో మలుపు తిరుగుతుందన్న థామస్ కూన్ పుస్తకం 1962లో మొదట వెలువడింది నోయ్‌రాట్ తలపెట్టిన విజ్ఞాన సర్వస్వంలో భాగంగానే. దాన్ని మెచ్చి అచ్చుకి స్వాగతించిన సంపాదకుడు కార్నాప్.

తమ మాట నిలబెట్టుకోవడమే లక్ష్యమైతే ఈ గోష్ఠి ఓడిపోయినట్టే. కాని ఒక వాక్యం దగ్గర ఆగి 'దీనర్థమేమిటి, ఎలా తెలుసు?' అని అడగడం అలవాటు చేయడమే దాని పని అయితే, తన మాటనే అలా ఆపి అడిగేవాళ్లను తయారుచేయడం దాని విజయం. అందుకే ఇలాంటి గోష్ఠి పెట్టదలచినవాళ్లకు పెద్ద గది, పేరున్న అధ్యక్షుడు అక్కర్లేదు. గదిలో ఎవరికీ ఒంటరిగా పూర్తిగా కొరుకుడుపడని పుస్తకం కావాలి, దాన్ని తలోవైపునుంచి కొరకగల ముగ్గురు నలుగురు కావాలి. అందరికీ ఇప్పటికే అర్థమైన పుస్తకం ఎంచుకుంటే అది సన్మాన సభ అవుతుంది.